అత్తయ్యకు పటం కట్టించాను

నందిగామ ఆడపిల్లల హైస్కూల్లో మా స్టాఫ్‌రూముకి పేపరు వచ్చేసరికి పదిన్నర దాటేది. వస్తూనే మొదటి పేజీ లెక్కల మాస్టారి చేతికి, ఆటల పేజీ డ్రిల్లు టీచరు చేతికి, సినిమా ప్రకటనలు మిగిలినవాళ్ళందరి చేతికి పోయేవి. నాక్కావలసిన మూల కోసం ఎవరూ పోటీకి వచ్చేవాళ్ళు కాదు. జిల్లా పేజీలో అట్టడుగున, బెజవాడలో ఆ రోజు ఎక్కడెక్కడ ఏమేం జరుగుతాయో చీమ తలకాయంత అక్షరాల్లో వేసేవాళ్ళు. ఒక హాల్లో హరికథ, ఒక గుళ్ళో ప్రవచనం, ఒక క్లబ్బులో చక్కెర వ్యాధి మీద ఉపన్యాసం. ఏ పది రోజులకో ఒకసారి వాటన్నిటి కిందా ఒక్క లైను కనిపించేది. చిత్రకళా ప్రదర్శన ప్రారంభోత్సవం, సాయంత్రం ఐదు గంటలకు, అందరూ ఆహ్వానితులే.

ఆ చివరి మాట నాకోసమే వేశారనుకునేదాన్ని. నేను ఆ స్కూల్లో డ్రాయింగు టీచర్ని. అంటే పరీక్షల ముందు నా పీరియడ్లన్నీ లెక్కలకి అప్పజెప్పి, వార్షికోత్సవం ముందు స్టేజీ మీద అట్టలకి రంగులేసే మనిషిని. ఇల్లు జగ్గయ్యపేటలో. పొద్దున బస్సులో కూర్చుని వచ్చేదాన్ని, సాయంత్రం హైదరాబాదు వైపు పోయే బస్సులో మా ఊరికి దారి చీలే చిల్లకల్లు దాకా నిలబడి వెళ్ళేదాన్ని. డెబ్బైల చివర్లో సంగతి ఇది. అప్పటికి నాకు ముప్పై నిండలేదు, కోపం మాత్రం అరవై ఏళ్ళవాళ్ళకున్నంత ఉండేది.

శనివారం నాడు ప్రారంభోత్సవం పడిందంటే నాకు పండగే. ఆఖరి పీరియడు ఎవరికో ఒకరికి అంటగట్టి బెజవాడ బస్సెక్కేదాన్ని. ఐదన్నారంటే ఐదున్నరకి కుర్చీలు వేసేవాళ్ళు, ఆరింటికి గుమ్మానికి రిబ్బను కట్టేవాళ్ళు. ముఖ్య అతిథి ఆరున్నరకి గానీ కారు దిగేవారు కాదు. గుమ్మం పక్కన పట్టుపరికిణీ కట్టుకున్న అమ్మాయి ఒకతె పన్నీరు చల్లి, ఆడవాళ్ళకు కుంకం బొట్టు పెట్టి లోపలికి పంపేది. ఆ తర్వాత పళ్ళెంలో కత్తెర, చప్పట్లు, దండలు, ఒకరి గురించి ఒకరు చెప్పుకునే మంచి మాటలు, అన్నీ అయ్యాక టీ, బిస్కట్లు. టీ దాకా నేనెప్పుడూ ఉన్నది లేదు, ఏడింటి బస్సు తప్పితే ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. అయినా నాకేం లోటు అనిపించేది కాదు. అతిథి వచ్చేదాకా బొమ్మల వైపు ఎవరూ తల తిప్పేవాళ్ళు కాదు కాబట్టి ఆ గంటసేపూ గోడలన్నీ నావే.

బయటికొచ్చేటప్పుడు వరండాలో ఒక నల్లబోర్డు ఉండేది. రాబోయే ప్రదర్శనలు, ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా, ఎవరివి అని సుద్దముక్కతో రాసి ఉండేది. పేర్లన్నీ అయ్యాక కింద జానెడు జాగా ఖాళీగా మిగిలేది. ఆ జానెడు మీద నాకు కన్నుండేది. ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు, నవ్వుతాడేమోనని.

ఇప్పుడు మా అత్తయ్య గురించి చెప్పాలి. ఆవిడ మాటలో దాపరికం ఉండేది కాదు, పనిలో తీరిక ఉండేది కాదు. మామయ్యగారు పోయి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఏదో దరఖాస్తుకి కావాలని ఆయన బెజవాడ వెళ్ళి స్టూడియోలో ఫొటో దిగారట. ఫొటో పోస్టులో ఇంటికొచ్చిన నెలలోపే పొలంలో గుండె పట్టుకుని కూలబడ్డారట. ఆ ఫొటోనే పెద్దది చేయించి హాల్లో పెట్టారు. దాని మీద దండ, కింద ఎర్రటి జీరో బల్బు. ఫొటో దిగితే ఆయుష్షు తరిగిపోతుందని చాలామంది మాటవరసకి అంటారు. ఆవిడ మాత్రం కళ్ళారా చూశాననేది. మా పెళ్ళి ఫొటోల్లో ఎక్కడా ఆవిడ లేదు. ఫొటోగ్రాఫరు ఇటు తిరిగితే ఆవిడ వంటింట్లోకి తిరిగేదట. ఆ పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ నుదుటి మీద బొట్టూ లేదు. పేరంటాలకు పిలిస్తే వెళ్ళేది గానీ, కుంకం భరిణె తన దగ్గరికి వచ్చేలోపే ఏదో పనున్నట్టు లేచి పెరట్లోకి నడిచేది. నన్ను దాటేసి పోతే బాధ గానీ తానే తప్పుకుంటే ఏముంది అనేది.

ఆ వేసవిలో మా వసారా అంతా మిరపకాయలే. అత్తయ్య పీట మీద కూర్చుని తొడిమలు తీస్తుంటే ఇల్లంతా తుమ్ములు. ఆవిడకి తుమ్ము రాదు, ఆ ఘాటు ఆవిడంటే భయపడేది. ఒకరోజు ఆ చేతులు చూస్తూ ఉండిపోయాను. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, ఆవిడ మాత్రం గేటు వైపు చూస్తూ ఎవరితోనో పోట్లాడుతున్నట్టు కనుబొమలు ముడుచుకుని ఉంది. బొమ్మ వేస్తాను అత్తయ్యా అని అడిగాను. ఆవిడ పని ఆపకుండానే ఒప్పందం తేల్చేసింది.

“చేతులు కావాలంటే గీసుకో అమ్మాయ్. మొహం జోలికి మాత్రం రామాక.”

రానని మాటిచ్చాను. వారం రోజులు చేతులు, చీర కుచ్చిళ్ళు, పీట, చుట్టూ మిరపకాయల కుప్ప వేసి, మెడ పైన కాగితం తెల్లగా వదిలేశాను. ఆ కాగితం తీసుకెళ్ళి స్కూల్లో నా బీరువాలో పెట్టాను. పెట్టానన్న మాటే గానీ బీరువా తెరిచినప్పుడల్లా తల లేని మనిషి నన్నే చూస్తున్నట్టుండేది. జూన్లో బళ్ళు తెరిచాక నాలుగు సాయంత్రాలు గంట కొట్టిన తర్వాత కూర్చుని, జ్ఞాపకం మీద మొహం వేసేశాను. ఎదురుగా మనిషి లేకపోయినా ఒక్క గీత తడబడలేదు. అంతకుముందూ ఆ తర్వాతా నాకు అలా కుదిరింది లేదు. తప్పని తెలుసు. తెలిసే వేశాను.

ఒక్కటే లోపం తోచింది. బొమ్మలో కిందంతా ఎరుపు, పైన ఎక్కడా ఎరుపు లేదు. బరువంతా కిందికి దిగిపోయి, మొహం గాల్లో తేలిపోతున్నట్టుండేది. నుదుటి మీద ఒక్క ఎర్రచుక్క పడితే సరిపోతుందని నా కంటికి తెలుస్తూనే ఉంది. బ్రష్షు తడిపి కూడా మళ్ళీ నీళ్ళలో కడిగేశాను. మొహం వేసి ఒక మాట తప్పాను, బొట్టు కూడా పెట్టే ధైర్యం నాకు లేదు.

ఆగస్టులో బెజవాడ నుంచి ఉత్తరం వచ్చింది. జిల్లాలో డ్రాయింగు టీచర్లు వేసిన బొమ్మలతో ఒక ప్రదర్శన పెడుతున్నారు, తలా ఒకటి తెచ్చి చూపించమన్నారు. నేను చుట్టచుట్టి పట్టుకెళ్ళింది ఆ ఒక్క బొమ్మే, వాళ్ళు ఏరుకున్న ఇరవైలో అది కూడా ఉంది. తర్వాతి వారం ఆహ్వానపు కార్డులు వచ్చాయి. నా పేరు కింది నుంచి మూడోది. వరండాలో బోర్డు మీద కూడా రాశారని తెలిసి, ఊరికే ఆ బోర్డు చూడటానికి బస్సు ఛార్జీ పెట్టుకుని బెజవాడ వెళ్ళొచ్చాను. ఇంట్లో మాత్రం, ఏవో చేతుల బొమ్మ అత్తయ్యా అన్నాను. ఆవిడ నా చేతులకి అంత గొప్పా అని నవ్వింది. నాకు అన్నం సహించలేదు.

కార్డు వచ్చిన నాలుగో రోజున ఆవిడకి జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నాం. మూడు రోజులైనా దిగలేదు. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నారు, మందులు పడుతున్నాయి కదా కంగారు పడొద్దన్నారు. నాకు కంగారు కాదు, అంతకంటే పెద్దదే పట్టుకుంది. నేను సైన్సు చదువుకున్నదాన్ని, బొమ్మ వేస్తే ఆయుష్షు తగ్గుతుందంటే క్లాసులో నవ్వేదాన్ని. ఆవిడ నుదుటి మీద తడిగుడ్డ మార్చేటప్పుడు మాత్రం ఆ చదువు ఒక్క ముక్క అక్కరకు రాలేదు. ఇంట్లో ఎవరూ నన్నేమీ అనలేదు, అనడానికి ఎవరికీ తెలియదు గదా. తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, నన్ను నేనే ఏకిపారేసుకున్నాను.

బొమ్మకి ఫ్రేము వేయించాల్సిన గడువు దగ్గరపడింది. నీటిరంగుల బొమ్మ కాబట్టి గాజు తప్పదు. జగ్గయ్యపేటలో ఇస్తే ఎవరైనా గుర్తుపడతారని నందిగామ బస్టాండు ఎదుట పటాలు కట్టే షాపుకి తీసుకెళ్ళాను. షాపు గోడల నిండా దేవుళ్ళు, దేవుళ్ళ మధ్య పోయినవాళ్ళు. యజమాని పెద్దవయసాయన, నెమ్మదస్తుడు. మూడు రోజులుగా నిద్ర లేక నా కళ్ళు వాచిపోయి ఉన్నాయి. బొమ్మ విప్పి బల్ల మీద పరిస్తే ఎవరమ్మా అన్నాడు. మా అత్తగారండి అన్నాను, ఆ మాటతోపాటే ఏడుపొచ్చేసింది. ఏ తారీకుకి కావాలన్నాడు. ఏడుస్తూనే సంచీలోంచి కార్డు తీసి ఇచ్చాను. ఆయన తారీకు వరకే చూసి, కార్డుని రెండు చేతులా తిరిగి ఇచ్చేశాడు. అలాంటి కార్డులు నిలబడి చదవడం మర్యాద కాదనుకున్నాడని తర్వాత తెలిసింది.

“మంచి ఫ్రేమే వేస్తానమ్మా. గురువారానికి అయిపోద్ది. మీరేం చెప్పక్కర్లేదు, మాకు తెలుసు” అన్నాడు.

బొమ్మలంటే ఇంత తెలిసినవాళ్ళు నందిగామలో ఉన్నారా అని ఆ దుఃఖంలో కూడా కాస్త సంతోషించాను. ఇప్పుడు తల్చుకుంటే నా బుర్ర మీద నాకే జాలేస్తుంది.

గురువారం పొద్దున జ్వరం నూట నాలుగు. అత్తయ్య కలవరింతల్లో మామయ్యగారితో మాట్లాడింది. వచ్చేస్తున్నా, ఆ గేదెకు కాస్త మేతేసి వస్తా అంది. మా ఆయన బయటికెళ్ళి వసారాలో స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు స్కూలుకి సెలవు పెట్టేశాను. కూర్చున్నచోటే ఒక నిర్ణయానికి వచ్చాను. బొమ్మ వెనక్కి తెచ్చేస్తాను, ప్రదర్శనా వద్దు, బోర్డు మీద జానెడు జాగా వద్దు. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళి, షాపు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను.

ఆయన వచ్చి తాళం తీసి, లోపలి నుంచి రెండు చేతులతో పట్టుకొచ్చి బల్లకి ఆనించాడు. బంగారు రంగు అంచు ఫ్రేము. దాని మీద గంధపు చెక్కతో చేసిన దండ, వెనక తీగతో బిగించి మరీ కట్టాడు. కింద చిన్న ఇత్తడి స్టాండుకి ఎర్ర జీరో బల్బు. గాజు మీద, సరిగ్గా నుదురు దగ్గర, రూపాయి బిళ్ళంత కుంకం బొట్టు. దానికింద గంధం.

బెంచీ మీద కూలబడ్డాను. పొద్దున ఇంట్లో కాఫీ పెట్టి తాగించి వచ్చిన మనిషి, నా ఎదురుగా దండతో ఉంది. ఆయన గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాడు. కర్మ ఎక్కడ చేస్తున్నారు, దూరం నుంచి రావాల్సినవాళ్ళు ఉన్నారా అని మెల్లగా అడిగాడు.

“ఆవిడ బతికే ఉందండీ” అన్నాను. ఆయనకి వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

ఆయన మొహంలో రక్తం లేదు. ఇరవై ఏళ్ళుగా మనుషుల పటం కట్టించుకోవడానికి తన షాపుకి ఏడుస్తూ వచ్చినవాళ్ళందరూ ఒక్క పనిమీదే వచ్చారు, నన్ను వేరుగా చూడాలని ఆయనకి ఎలా తడుతుంది? లెంపలు వేసుకున్నాడు. పటం కట్టాక బొట్టు పెట్టి ఇవ్వడం తమ ఆనవాయితీ అని, నిన్న మధ్యాహ్నం భోజనానికి ముందు తన చేత్తోనే పెట్టానని, తన చెయ్యి విరిగిపోయినా బాగుండేదని అన్నాడు. పటకారు కోసం సొరుగులన్నీ వెతకడం మొదలుపెట్టాడు. ఇంకో రోజైతే ఆయన్ని కడిగిపారేసేదాన్ని. కానీ నాకు ఒక్క నిమిషం కూడా అక్కడ ఉండాలని లేదు. దండతో సహా పటాన్ని పాత పేపర్లలో చుట్టించుకుని, రోడ్డు దాటి దొరికిన బస్సెక్కేశాను.

ఆ ముప్పై కిలోమీటర్లూ పటాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో ఒకామె అద్దమా అమ్మా అని అడిగితే అవునన్నాను. మా వీధి మలుపు తిరిగేసరికి వాకిట్లో మా ఆయన నిలబడి ఉన్నాడు. అడుగు ముందుకు పడలేదు. ఆయనే ఎదురొచ్చాడు.

“జ్వరం దిగింది. నిన్న చెమట పోసినప్పుడే తగ్గు మొహం పట్టిందని డాక్టరుగారన్నారు, ఇప్పుడు చూస్తే తొంభై తొమ్మిది. చారన్నం అడుగుతోంది” అన్నాడు.

హమ్మయ్య అని నోటితో అనలేదు. ఒళ్ళంతా అంది. పటాన్ని అరుగుకి ఆనించి, కుళాయి దగ్గర మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాను, ఎంత కొట్టుకున్నా ఏడుపు ఆగలేదు. మా ఆయన నిద్రలేకపోవడం వల్ల అనుకున్నాడు.

పటాన్ని అటక మీదికి ఎక్కించేద్దామని లోపలికి తెస్తుంటే మంచం మీంచి గొంతు వినపడింది. చిక్కి సగమైన మనిషి, కళ్ళు మాత్రం ఎప్పటిలాగే పోలీసు కళ్ళు. ఏంటా మూట అంది. ఇంక అబద్ధం ఆడే ఓపిక లేదు. మంచం పక్కన కింద కూర్చుని, బీరువా దగ్గర్నుంచి నందిగామ దాకా అంతా చెప్పేశాను. మొహం వేశానని చెప్పేటప్పుడు తలెత్తలేదు. ఆవిడ చెయ్యి ఊపింది, విప్పమని.

విప్పాను. ఆవిడ మోచేతి మీద లేచి చాలాసేపు చూసింది. గుమ్మంలో మా ఆయన నిలబడ్డాడు.

“నా ముక్కు ఇంత లావా?” అంది మొదట. తర్వాత దండ మీద వేలుంచి, “ఎప్పుడేశాడంట ఇది?” అంది.

నిన్న మధ్యాహ్నం భోజనానికి ముందు అన్నాను. ఆవిడ మా ఆయన వైపు తిరిగింది.

“నిన్న మద్యాన్నమే గదరా నాకు చెమటలు పట్టింది. చూశావా. పోవాల్సింది పోయింది, దండ కూడా పడింది. నా పేరు మీదున్న గండం ఈ కాయితం నెత్తినేసుకుంది. ఇంక నా జోలికి ఎవరొస్తారు?”

నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గులోంచి మళ్ళీ నవ్వులోకి వచ్చింది. డాక్టరుగారి మందులు అప్పటికి నాలుగు రోజులుగా పనిచేస్తున్నాయని నాకు తెలుసు. ఆ మాట నా నోటి నుంచి రానివ్వలేదు. ఆవిడ అంత నిశ్చింతగా ఉండటం నేను కాపరానికి వచ్చాక చూడలేదు, నా గుండెల మీంచి బండ దిగిపోయింది. మాట తప్పినందుకు కోపం రాలేదా అత్తయ్యా అంటే, వచ్చింది, ఒంట్లో ఓపిక రానీ తిడతాను అంది.

మా ఆయన పటకారు తెచ్చి దండ తీగ కత్తిరించి, బల్బు పీకేశాడు. నేను కొంగు తడిపి గాజు మీద బొట్టు తుడవబోయాను.

“అది ఉండనీ” అంది అత్తయ్య.

నేను ఆగి ఆవిడ వైపు చూసేసరికి గోడవైపు తిరిగి పడుకుంది. చారన్నం ఎంతసేపు అని అటు నుంచే అడిగింది. దండ తీస్తుంటే ఊరుకున్న మనిషి బొట్టెందుకు ఉంచమందో నేను అడగలేదు. ఒక్కొక్కప్పుడు నాకు కూడా బుద్ధి ఉంటుంది.

ఆ వారమే బెజవాడ నుంచి ఇంకో కార్డు వచ్చింది. ముఖ్య అతిథిగారికి వీలు పడక ప్రారంభోత్సవం నెల్లాళ్ళు వాయిదా వేశారు, పాత తారీకు కొట్టేసి సిరాతో కొత్తది రాశారు. మామూలుగా అయితే ఆ అతిథిని నాలుగు మాటలు అనేదాన్ని. ఈసారి మాత్రం ఆయన చల్లగా ఉండాలనుకున్నాను, ఎందుకంటే ఆ నెల్లాళ్ళలో అత్తయ్య మంచం దిగి, గేదె దగ్గరికి వెళ్ళి, నాకు బాకీ ఉన్న తిట్లన్నీ తిట్టి, చివరికి తానూ బెజవాడ వస్తానంది.

ఐదింటికి ముగ్గురం చేరాం. గుమ్మంలో పట్టుపరికిణీ అమ్మాయి అప్పటికే నిలబడి ఉంది. అత్తయ్య అలవాటు ప్రకారం నాలుగడుగుల ముందే చీర సర్దుకుంటున్నట్టు పక్కకి తప్పుకుంది. ఆ అమ్మాయి నాకు బొట్టు పెట్టి, ఆవిడ నుదురు చూసి పన్నీరు మాత్రం చల్లింది. ఎవరి తప్పూ కాదు, రెండు వైపులా నేర్చుకున్నదే. నాకు మాత్రం ఆ పన్నీరు చల్లగా అనిపించలేదు.

లోపల నా బొమ్మ కిటికీ పక్క గోడకి పెట్టారు. నిర్వాహకుల్లో ఒకాయన చేతిగుడ్డ పట్టుకుని పటాలు తుడుచుకుంటూ వస్తున్నాడు, నాది దగ్గరికి రాగానే గాజు మీద మరకేదో ఉందే అన్నాడు. మరక కాదండి, ముట్టుకోవద్దు అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో, ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంతలో ఎవరో పెద్దాయన పటం ముందు నిలబడి కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. కళ్ళు తెరిచి పక్కకి చూస్తే అదే మొహం, అదే ముక్కు, చేతిసంచీ పట్టుకుని ఆయన్నే చూస్తోంది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. భయపడమాకండి, నేనే అంది అత్తయ్య.

అతిథి ఆరూ నలభైకి వచ్చారు. తెల్లజుట్టు చిత్రకారుడు, మాట పొదుపు. రిబ్బను కత్తిరించాక ఒక్కొక్క బొమ్మే చూసుకుంటూ వచ్చి నాదాని ముందు ఆగారు. కిందంతా ఇంత ఎరుపు పోసి, పైన ఒక్క చుక్కతో బరువు నిలబెట్టావమ్మా, ఆ చుక్క లేకపోతే బొమ్మ లేదు అన్నారు. అది నేను పెట్టింది కాదండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, వినయం అనుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజు మొదటిసారి టీ దాకా ఉన్నాను. ఏడింటి బస్సు పోతే పోయింది, ఇంట్లో జవాబు అడిగేవాళ్ళు ఇద్దరూ నా పక్కనే బిస్కట్లు తింటున్నారు. ఎనిమిదేళ్ళుగా వాసన మాత్రమే తెలిసిన ఆ టీలో పంచదార ఎక్కువైంది. అయినా రెండు కప్పులు తాగాను. కప్పు పెట్టి చూస్తే అత్తయ్య పక్కన లేదు. కిటికీ దగ్గర పటం ముందు ఒక్కతే నిలబడి ఉంది. చుట్టూ ఎవరూ లేరనుకుని, గాజులో కనిపిస్తున్న తన నీడని కాస్త ఎడమకి, కాస్త కిందికి జరుపుకుంటూ సరిచూసుకుంటోంది. నుదురు నుదురుతో కలిసేదాకా కదిలి, అక్కడ ఆగిపోయింది. నేను పిలవలేదు. మా ఆయన పిలవబోతే చెయ్యి పట్టి ఆపాను.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆ అమ్మాయి ఇంకా ఉంది. పటంలో ఉన్నది ఈవిడేనని లోపల ఎవరో చెప్పినట్టున్నారు. వచ్చేటప్పుడు చేసినదానికి నొచ్చుకుందేమో, మొహం ఎర్రబడింది. కుంకం పళ్ళెం ఎత్తాలో వద్దో తెలియక సగం ఎత్తి అలాగే పట్టుకుంది. ఈసారి అత్తయ్య పక్కకి తప్పుకోలేదు. తిన్నగా వెళ్ళి ఆ పిల్ల ఎదురుగా నిలబడి, పళ్ళేన్ని మెల్లగా కిందికి దించింది.

“నాకొద్దులే అమ్మా” అంది. “నాకు లోపల పెట్టారు.”